నాయన మాత్ర ఎక్కడ కూర్చుంటుంది?

పోయిన మామిడి సీజన్‌లో మా నాయన రెండు నెలలు మాత్రలు మానేశాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బీరువాలో పంచెల కింద చించని స్ట్రిప్పులు ఆరు దొరికాయని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను బెంగళూరులో ఆఫీసు మీటింగులో ఉన్నాను. మ్యూట్ కొట్టి విన్నాను. "అరవై మాత్రలు నాయనా. రెండుసార్లు లెక్కబెట్టినా" అంది.

మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర ఒక పల్లె. తోతాపురి తోట, రెండు బోర్లు, ఒక ఆవు. మూడేళ్ల కిందట నాయనకు ఎడమ పక్క కడుపు బరువుగా ఉంటోందని, సగం సంగటికే కడుపు నిండిపోతోందని తిరుపతికి తీసుకెళ్లాం. రక్తంలో తెల్లకణాలు మామూలుగా 11 వేల లోపు ఉండాలి. ఆయనకు 1,80,000 ఉన్నాయి. ప్లీహం ఉబ్బి ఉంది. ఎముక మజ్జ పరీక్ష చేసి క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అన్నారు, పొట్టిగా సీఎంఎల్. క్యాన్సర్ అనేసరికి అమ్మ అక్కడే కుర్చీలో కూలబడింది. డాక్టర్ మాత్రం చాలా మామూలుగా, "రోజుకొక మాత్ర. అన్నం తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్లతో. అంతే" అన్నాడు.

మాత్ర పేరు ఇమాటినిబ్, 400 మిల్లీగ్రాములు. నెలలోపే తెల్లకణాలు దారికొచ్చాయి. తర్వాత ఏటా నాలుగుసార్లు పీసీఆర్ అనే రక్తపరీక్ష. అందులో వచ్చే శాతం 0.1 కంటే తగ్గితే చాలా బాగున్నట్టు. నాయనది 0.06కి వచ్చింది. ఇక మేం ఆ జబ్బు సంగతే మర్చిపోయాం. ఆయన కూడా మర్చిపోయాడు, మరీ ఎక్కువగా.

ఫోన్ వచ్చిన శనివారం ఇంటికెళ్లి అడిగితే, "బాగుండాను కదరా, ఇంగెందుకు?" అన్నాడు. తర్వాత మెల్లగా అసలు కారణాలు బయటికొచ్చాయి. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తాయి. పొద్దున లేస్తే కళ్ల కింద ఉబ్బు. కాయలు కోసి ఫ్యాక్టరీ దగ్గర ట్రాక్టరు క్యూలో రాత్రంతా నిలబడాల్సిన రోజుల్లో ఇదంతా ఎవరు పడతారని మానేశాడట. ఇవన్నీ ఆ మందుకు ఉన్న మామూలు దుష్ప్రభావాలే. డాక్టర్‌తో చెప్పి ఉంటే దారి దొరికేది.

ఆ వారమే పీసీఆర్ చేయించాం. 0.06 కాస్తా 2.4 అయింది. నలభై రెట్లు.

"మానితే ఎందుకు పెరుగుతాదో చెప్పు, వింటా" అన్నాడు నాయన. నా దగ్గర జవాబు లేదు. ఆఫీసులో సర్వర్ ఒక్క నిమిషం పడిపోతే మూడు పేజీల రిపోర్టు రాస్తాను. మా నాయన ఒంట్లోకి మూడేళ్లుగా పోతున్న మాత్ర లోపల ఏం చేస్తోందో మాత్రం నాకు తెలీదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం నేను పడ్డ తంటా.

స్టార్టర్ ఇరుక్కుపోయిన మోటరు

మన కణాలకు కళ్లూ చెవులూ లేవు. "ఇప్పుడు రెండుగా విడిపో", "ఇక ఆగు" లాంటి కబుర్లన్నీ ప్రొటీన్లే మోస్తాయి. ఒక ప్రొటీన్ ఇంకోదాన్ని పట్టుకుంటుంది, అది మూడోదాన్ని. కబురంటే అదే, ఎవరు ఎవర్ని పట్టుకున్నారన్నదే. సెల్ సిగ్నలింగ్ అని పెద్ద పేరు పెట్టారు గానీ దాని గుండెకాయ ఈ పట్టే.

ఏబీఎల్ అనేది ఆ కబురు ప్రొటీన్లలో ఒకటి. అది కైనేజ్ అనే జాతి ఎంజైమ్. దాని పని వేరే ప్రొటీన్ల మీద ఫాస్ఫేట్ అనే చిన్న ముద్ర వేయడం. మామూలు ఏబీఎల్ చాలా బుద్ధిమంతురాలు. దాని తోక లాంటి ఒక కొస వెనక్కి మడుచుకుని సొంత ఒంట్లోని గుంటలోనే దూరి, దాన్ని ఆఫ్‌లో పెట్టి ఉంచుతుంది. అవసరమైనప్పుడే లేస్తుంది.

సీఎంఎల్‌లో ఒక ప్రమాదం జరుగుతుంది. 9వ క్రోమోజోమ్, 22వ క్రోమోజోమ్ విరిగి, ముక్కలు తారుమారుగా అతుక్కుంటాయి. పొట్టిగా మిగిలిన ఆ 22వ క్రోమోజోమ్‌ను 1960లో ఫిలడెల్ఫియాలో గుర్తించారు కాబట్టి దానికి ఆ ఊరి పేరే. ముక్కలు మారాయన్న సంగతిని 1973లో జానెట్ రౌలీ అనే ఆవిడ తేల్చింది. అతుకు పడ్డ చోట బీసీఆర్, ఏబీఎల్ అనే రెండు జన్యువులు కలిసిపోయి ఒకే ప్రొటీన్ తయారవుతుంది. ఈ అతుకులో ఏబీఎల్ తన తాళం తోకను పోగొట్టుకుంటుంది. పైగా బీసీఆర్ భాగానికి తన లాంటి వాటితోనే జడలా పెనవేసుకునే గుణం ఉంది. అంటే నాలుగు ఏబీఎల్‌లు పక్కపక్కన చేరి ఒకదాని మీద ఒకటి ఫాస్ఫేట్ ముద్రలు కొట్టుకుంటూ ఉంటాయి. ఆపేవాళ్లు లేరు.

నాయనకు ఇంతవరకూ బాగానే ఎక్కింది. ఆయన భాషలో ఇది స్టాప్ బటన్ ఇరుక్కుపోయిన స్టార్టర్. కరెంటు ఉన్నంతసేపూ మోటరు తిరుగుతూనే ఉంటుంది, బోరులో నీళ్లున్నా లేకున్నా.

పిన్ను సరిపోతేనే ప్లగ్గు

స్టార్టర్ ఆన్‌లో ఉంటే సరిపోదు, మోటరుకు వైరు వెళ్లాలి. ఈ వైరు సంగతే నన్ను బాగా పట్టేసింది. రెండు వారాలు నిద్ర చెడగొట్టుకున్నది దీనికోసమే.

బీసీఆర్-ఏబీఎల్ ఒంటి మీద 177వ స్థానంలో టైరోసిన్ అనే అమినో ఆమ్లం ఉంది. దాని మీద ఫాస్ఫేట్ పడగానే గ్రాబ్2 అనే ప్రొటీన్ వచ్చి పట్టుకుంటుంది. గ్రాబ్2 స్వయంగా ఏ పనీ చేయదు. రెండు వైపులా పిన్నులున్న వైరు ముక్క లాంటిది. ఒక కొసతో బీసీఆర్-ఏబీఎల్‌ను, ఇంకో కొసతో సాస్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. సాస్ వెళ్లి రాస్‌ను తట్టి లేపుతుంది. రాస్ లేచిందంటే కణం విభజన మొదలుపెడుతుంది. తెల్లకణాలు 11 వేల నుంచి 1,80,000కి పోయే దారుల్లో ఇదొక ముఖ్యమైన దారి.

గ్రాబ్2లో ఫాస్ఫేట్‌ను పట్టే భాగాన్ని ఎస్‌హెచ్2 అంటారు. ఇలాంటి భాగం ఒకటుందని 1986లో టోనీ పాసన్ బృందం కెనడాలో గుర్తించింది. మనిషి ఒంట్లో సుమారు 110 ప్రొటీన్లకు ఈ ఎస్‌హెచ్2 ఉంది. అందరికీ ఫాస్ఫేట్ ఉన్న టైరోసినే కావాలి. మరి 110 మంది ఒకే చోటికి ఎగబడరా?

ఎగబడరు. టైరోసిన్ తర్వాత వచ్చే రెండు మూడు అమినో ఆమ్లాలు ఎవరిని రానివ్వాలో తేలుస్తాయి. మన ప్లగ్గులే చూడండి. అన్నిటికీ పిన్నులుంటాయి, కానీ ఫారిన్ చార్జర్ మన సాకెట్‌లో దూరదు. 177 చుట్టూ ఉన్న వరుసలో టైరోసిన్ తర్వాత వేలిన్, ఆ తర్వాత ఆస్పరజిన్ ఉంటాయి. గ్రాబ్2కు ఆ రెండో చోట ఆస్పరజినే కావాలి. ఎందుకో దాని స్ఫటిక నిర్మాణం చూస్తే అర్థమవుతుంది. గ్రాబ్2లో 121వ స్థానంలో ట్రిప్టోఫాన్ అనే లావాటి అమినో ఆమ్లం దారికడ్డంగా కూర్చుని ఉంది. వచ్చే గొలుసు నేరుగా పోలేదు, చటుక్కున మలుపు తిరగాలి. ఆ మలుపులో ఒదిగేది ఆస్పరజిన్.

తిరుమల ఘాట్ రోడ్డులో హెయిర్‌పిన్ మలుపులు తెలుసు కదా. పొడుగు లారీ తిరగలేదు. అంతే విషయం. ఆ బొమ్మ 1996 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. ప్రొటీన్ డేటా బ్యాంక్ సైట్‌లో 1టీజెడ్ఈ అని కొట్టండి, ఫోన్‌లోనే వేలితో తిప్పి చూడొచ్చు. ఈ బ్యాంక్ 1971లో ఏడంటే ఏడు నిర్మాణాలతో మొదలైంది, ఇప్పుడు రెండు లక్షలు దాటింది. పైసా కట్టక్కర్లేదు, లాగిన్ కూడా అక్కర్లేదు. మన దేశంలో ఇంత మర్యాదగా తెరుచుకునే సైట్ నేనింకా చూడలేదు.

ఈ ఒక్క పట్టు తెగితే ఏమవుతుందో ఎలుకల్లో చూశారు. 2000లో వచ్చిన ఒక పరిశోధనలో 177వ టైరోసిన్ బదులు ఫినైలాలనిన్ పెట్టారు. రెంటికీ తేడా చివరన ఒక ఆక్సిజన్ అణువూ దాని హైడ్రోజనూ, అంతే. అవి లేకపోతే ఫాస్ఫేట్ తగిలించుకునే కొక్కెం లేనట్టు. గ్రాబ్2 పట్టలేకపోయింది. ఆ ఎలుకలకు సీఎంఎల్ లాంటి జబ్బు రాలేదు. ఆలస్యంగా వేరే రకం క్యాన్సర్ వచ్చింది, కాబట్టి కథ పూర్తిగా సుఖాంతం కాదు. కానీ అంత చిన్న మార్పుతో జబ్బు దారి మారిపోవడం చదివి నేను లేచి బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను.

బస్సులో పక్క సీటు

ఇదంతా నాకు నేనే అర్థం చేసుకున్నానంటే అబద్ధం. ఇంటర్‌లో నాతోపాటు చదివిన ఒకమ్మాయి తిరుపతిలో బయాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఆ పక్కన ఏర్పేడు దగ్గరే ఐసర్ ఉంది, 2015లో మొదలైంది. శ్రీకాళహస్తి వెళ్లే బస్సుల్లో ఇప్పుడు ల్యాబ్ కబుర్లు కూడా వినిపిస్తాయి. రేణిగుంట రోడ్డులో టీ కొట్టు దగ్గర కూర్చుని నా ప్రశ్నలన్నీ ఆమె మీద కుమ్మరించాను.

"నువ్వు బైండింగ్ అంటే అతుక్కుపోవడం అనుకుంటున్నావు. కాదు. బస్సులో పక్క సీటు అనుకో. ఎక్కుతారు, కూర్చుంటారు, దిగుతారు. ఎంతసేపు కూర్చుంటారన్నదే మా ప్రశ్న" అంది.

దాన్ని కొలిచే పద్ధతులు చెప్పింది. ఒక ప్రొటీన్‌ను చిన్న పూసలకు కట్టి, కణాల రసం పోసి, బాగా కడిగాక ఏది మిగిలిందో చూడటం ఒకటి. వలేసి చేపలు పట్టడమే. రెండు ప్రొటీన్ల ద్రావణాలు చుక్కచుక్కగా కలుపుతూ, పట్టుకున్నప్పుడల్లా పుట్టే వేడిని కొలవడం ఇంకోటి. డిగ్రీలో వెయ్యో వంతు కన్నా చిన్న తేడాలు. చివరికి తేలే అంకె పేరు కేడీ. బస్‌స్టాండులో ఎంతమంది నిలబడి ఉంటే బస్సులో సగం సీట్లు నిండుతాయో ఆ అంకె. అంకె ఎంత చిన్నదైతే పట్టు అంత గట్టిది. కొద్దిమందే ఉన్నా సీట్లు నిండుతున్నాయంటే ఎక్కినవాళ్లు దిగట్లేదని కదా.

సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి నాకు వేరే దురద. ఇదంతా కంప్యూటర్‌లో చేసేయలేమా? ఆల్ఫాఫోల్డ్ ఉంది కదా, దాన్ని తయారుచేసిన హస్సాబిస్, జంపర్‌లకు 2024లో కెమిస్ట్రీ నోబెల్ కూడా వచ్చింది. ఒక రాత్రి గ్రాబ్2 ఎస్‌హెచ్2 వరుస, 177 చుట్టూ ఉన్న ఏడు అమినో ఆమ్లాల వరుస పాత వెర్షన్‌లో వేసి రన్ కొట్టాను. రంగురంగుల బొమ్మ వచ్చింది. స్క్రీన్‌షాట్ తీసి ఆమెకు పంపాను, గర్వంగానే.

"ఫాస్ఫేట్ ఎక్కడ పెట్టావు?" అని రిప్లై వచ్చింది.

పెట్టలేదు. ఆ వెర్షన్‌లో పెట్టడానికి చోటే లేదు. అది అమినో ఆమ్లాల అక్షరాలు మాత్రమే తీసుకుంటుంది. అంటే స్విచ్ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో చెప్పకుండా బల్బు వెలుగుతుందా అని అడిగాను నేను. నిజంలో ఫాస్ఫేట్ లేకపోతే గ్రాబ్2 ఆ ముక్కను దాదాపు పట్టించుకోదు. 2024లో వచ్చిన ఆల్ఫాఫోల్డ్ 3లో ఫాస్ఫేట్ తగిలించే వీలుంది. మళ్లీ చేశాను, ఈసారి స్క్రీన్‌షాట్ పంపలేదు. ఎందుకంటే అది కూడా ఎలా కూర్చుంటుందో చూపిస్తుంది గానీ ఎంతసేపు కూర్చుంటుందో నమ్మకంగా చెప్పదు. అందుకు ఇంకా ఆ పూసలు, ఆ వేడి కొలతలే కావాలి.

ఇంకో మాట. ఇలాంటి ఏ నమూనా సరిగ్గా ఉందో లేదో చూడటానికి ప్రపంచమంతా వాడే మొదటి పరీక్ష రామచంద్రన్ ప్లాట్. 1963లో మన పక్కనే మద్రాసు యూనివర్సిటీలో జి.ఎన్. రామచంద్రన్ బృందం తయారుచేసింది. చిత్తూరు నుంచి మూడు నాలుగు గంటల దూరం. నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో ఈ పేరు ఒక్కసారి కూడా నా చెవిన పడలేదు.

భీమవరం ఏటీపీ, హైదరాబాదు మాత్ర

సరే, మాత్ర దగ్గరికి వద్దాం. ఏబీఎల్ ముద్రలు వేయాలంటే ఫాస్ఫేట్ కావాలి కదా, అదెక్కడి నుంచి వస్తుంది? ఏటీపీ నుంచి. కణంలో శక్తికి నోటు లాంటి అణువు. ఏబీఎల్ ఒంట్లో ఒక గుంట ఉంది. ఏటీపీ అక్కడ కూర్చుని, తన మూడు ఫాస్ఫేట్లలో ఒకటి వదిలి వెళ్తుంది.

ఈ ఏటీపీని కనిపెట్టింది మనవాడే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఫాస్ఫరస్ ఉంటే నీలం రంగు వస్తుంది, ఎంత ముదురైతే అంత ఎక్కువ. ఆ నీలాన్ని పట్టుకుని కండరంలో వెతుకుతూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని తేల్చారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. తర్వాత సుబ్బారావు బృందం చేసిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వేరే రకం రక్త క్యాన్సర్లకు మందు. 1948లో పోయాడు. ఆయన గురించి స్కూలు పుస్తకంలో చదివినట్టు గుర్తుంది, 'మహనీయులు' పాఠంలో ఒక పేరాగా. మా నాయన మాత్ర రోజూ పోటీపడేది ఆయన కనిపెట్టిన అణువుతోనే అని ఆ పేరాలో ఉంటే పరీక్ష కోసం కాకుండా చదివేవాణ్ణి.

అవును, పోటీ. ఇమాటినిబ్ క్యాన్సర్ కణాన్ని నేరుగా కాల్చి చంపే మందు కాదు. ఏటీపీ కూర్చోవాల్సిన ఆ గుంటలో తను వెళ్లి కూర్చుంటుంది, ఏబీఎల్ ఆఫ్ రూపంలో ఉన్నప్పుడు చూసి మరీ. అలా కూర్చుని ఆఫ్‌లోనే ఉంచేస్తుంది. ముద్రలు పడవు, 177 దగ్గర ఫాస్ఫేట్ ఉండదు, గ్రాబ్2 పట్టడానికి ఏమీ దొరకదు. కణం కొన్నాళ్లకు తనంతట తానే పోతుంది.

కానీ లెక్క చూడండి. కణంలో ఏటీపీ, మందు కంటే సుమారు వెయ్యి రెట్లు ఎక్కువగా ఉంటుంది. సీటు కోసం వెయ్యి మంది తోసుకుంటుంటే ఒక్కడు గట్టిగా పట్టుకుని కూర్చున్నట్టు. ఆ ఒక్కడూ శాశ్వతంగా అతుక్కోడు. ఒంట్లో ఇమాటినిబ్ సగానికి తగ్గడానికి సుమారు 18 గంటలు పడుతుంది. నేను నాయన ముందు కాగితం మీద వేసి చూపించాను. మాత్ర వేయకపోతే ఒక రోజు తర్వాత 40 శాతం మిగులుతుంది, రెండో రోజుకు 16, మూడో రోజుకు 6. వారంలో ఏమీ లేదు. సీటు ఖాళీ. వెయ్యి మంది ఏటీపీలు గుమ్మం దగ్గరే ఉన్నారు.

ఈ మందు అమెరికాలో 2001లో ఆమోదం పొందింది. అప్పట్లో నొవార్టిస్ వారి గ్లివెక్ మన దేశంలో నెలకు సుమారు 1,20,000 రూపాయలు. మన కంపెనీలు చేసినవి 8 నుంచి 10 వేలు. హైదరాబాదు నాట్కో 2003లో వీనాట్ పేరుతో తెచ్చింది. పేటెంట్ కోసం నొవార్టిస్ పెట్టుకున్న దరఖాస్తును 2006 జనవరిలో చెన్నై పేటెంట్ ఆఫీసు తిరస్కరించింది. ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఎదురు పార్టీల్లో నాట్కో కూడా ఉంది. 2013 ఏప్రిల్ 1న కోర్టు నొవార్టిస్‌కు పేటెంట్ ఇవ్వడం కుదరదని తేల్చింది. పాత అణువుకే కొత్త స్ఫటిక రూపం చూపించినంత మాత్రాన, రోగికి అదనపు మేలు రుజువు కాకుండా పేటెంట్ ఇవ్వరాదని మన చట్టంలో సెక్షన్ 3(డి) చెబుతుంది. ఆ తీర్పు అటుగా రాకపోయి ఉంటే మా తోతాపురి తోట ఈపాటికి వేరేవాళ్ల పేరు మీద ఉండేది. ఊరికే అనడం లేదు, నెలకు లక్షా ఇరవై వేలంటే ఎన్ని నెలలకు తోట పోతుందో నేను లెక్కేశాను. ఎన్నో ఇక్కడ రాయను.

మూతలో చిప్

నాయన ఒక్కడే ఇలా చేశాడనుకున్నాను. కాదు. లండన్‌లో 87 మంది సీఎంఎల్ రోగుల మీద ఒక అధ్యయనం జరిగింది, 2010లో అచ్చయింది. మాత్రల సీసా మూతలో చిన్న చిప్ పెట్టారు. ఎప్పుడెప్పుడు మూత తీశారో మూడు నెలలపాటు అది రాసుకుంది. నెలలో మూడు కంటే తక్కువ మాత్రలు మర్చిపోయినవాళ్లలో, అంటే 90 శాతం పైగా వేసుకున్నవాళ్లలో, ఆరేళ్లకు ఆ 0.1 గీత కిందికి వచ్చే అవకాశం 94.5 శాతం. అంతకంటే ఎక్కువ ఎగ్గొట్టినవాళ్లలో 28.4 శాతం. మందు అదే, జబ్బు అదే.

ఇంకో భయం కూడా ఉంది. అణచిపెట్టకుండా వదిలేసిన కణాలు విభజన చెందేకొద్దీ కొన్నిటిలో ఆ గుంట ఆకారమే మారిపోవచ్చు. 315వ స్థానంలో త్రియోనిన్ పోయి ఐసోల్యూసిన్ వస్తే ఇమాటినిబ్ ఇక దూరలేదు. దానికి వేరే మందులున్నాయి. 2021లో అమెరికాలో ఆమోదం పొందిన అసిమినిబ్ అయితే ఏటీపీ గుంట జోలికే పోదు. మొదట చెప్పిన తోక గుంటలో, పోయిన తాళం స్థానంలో తను కూర్చుంటుంది. ఇది చదివినప్పుడు నాకు కలిగిన ముచ్చట చెప్పలేను. కానీ ధర చూశాక ఆ ముచ్చట తగ్గింది. నాయనకు మ్యుటేషన్ పరీక్ష కూడా చేయించాం. రిపోర్టు వచ్చే దాకా పది రోజులు ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. ఏమీ లేదని వచ్చింది.

మరి జీవితాంతం మింగాల్సిందేనా అని నాయన అడిగాడు. చాలా ఏళ్లు బాగా లోతుగా అదుపులో ఉన్న కొందరికి డాక్టర్లే మాత్ర ఆపి చూస్తారు, నెలనెలా పీసీఆర్ చేస్తూ. అలా ఆపినవాళ్లలో సగం మందికో, ఇంకొంచెం ఎక్కువ మందికో జబ్బు మళ్లీ తలెత్తుతుంది, చాలావరకు మొదటి ఆరు నెలల్లోనే. అప్పుడు మళ్లీ మొదలుపెడతారు. అది డాక్టర్ ఎదురుగా చేసే పని. పంచెల కింద దాచిపెట్టి చేసేది కాదు. ఈ చివరి వాక్యం నేను కాదు, అమ్మ అంది.

ఇదంతా చెప్పడానికి ఆ ఆదివారం దాదాపు రెండు గంటలు పట్టింది. ఫోన్‌లో ఏబీఎల్ బొమ్మ తెరిచి, మధ్యలో ఇమాటినిబ్ కూర్చున్న చోటు పెద్దది చేసి చూపించాను. 1ఐఈపీ అని కొడితే వస్తుంది. నాయన కళ్లద్దాలు పైకి జరిపి చాలాసేపు చూశాడు.

"ఫీజు గాడిలో ఫీజు బదులు కట్టెముక్క చెక్కి దోపినట్టుండాది" అన్నాడు.

"అంతే నాయనా. కరెంటు ఎక్కడికీ పోలేదు. కట్టె ఉంది కాబట్టి మోటరుకు అందటం లేదు."

"ఆ కట్టెను రోజూ చెదలు తింటా ఉండాయి."

"18 గంటల్లో సగం తినేస్తాయి."

"ఆ మాట ఆ డాక్టరు మొదట్నే చెప్పుంటే అయిపోయేది గదరా" అన్నాడు. డాక్టర్‌కు బయట అరవై మంది వెయిటింగ్. ఎవరి బోరు కథ వాళ్లకు విడిగా చెప్పేంత టైము ఎక్కడిది?

వికారం తగ్గడానికి మాత్రను రాత్రి భోజనం తర్వాతకు మార్చారు. పిక్కల నొప్పికి ఏదో రాసిచ్చారు. మూడు నెలలకు పీసీఆర్ 0.4 వచ్చింది. మొన్నటిది 0.09.

పోయిన వారం ఇంటికెళ్తే బీరువాలో స్ట్రిప్పులు లేవు. గుండె జారింది. అడిగితే నాయన బోరు దగ్గరికి తీసుకెళ్లి స్టార్టర్ పెట్టె తలుపు తెరిచాడు. లోపల రబ్బరుబ్యాండు వేసి మూడు స్ట్రిప్పులు. రాత్రి మోటరు ఆపేదానికి ఎట్లాగూ వస్తాడు కాబట్టి అక్కడైతే మర్చిపోడట. ఆ వేడికి మందు పాడవుతుందని చెప్పి ఇంటికి తెప్పించాం. ఇప్పుడు టీవీ రిమోట్ పక్కన ఉంటున్నాయి.